ఒహాయో డబ్బు పర్లాకిమిడి చేరిన దారి: నా అనుభవం

2024 జనవరి 8, సోమవారం రాత్రి తొమ్మిదింటికి అమెరికాలో ఒహాయో కంపెనీ నుంచి ఆ మెయిల్ వచ్చింది. పని ఖాయం, గంటకు 18 డాలర్లు, అగ్రిమెంట్ జత చేశాం, సంతకం పెట్టి పంపండి అని. చివర్లో ఒక్క లైను ప్రశ్న: మీకు డబ్బు ఎలా పంపమంటారు? చెక్కా, డైరెక్ట్ డిపాజిట్టా, వైరా, ఆన్‌లైన్ వాలెట్టా?

అంతవరకు నా టెన్షన్ అంతా పని దొరుకుతుందా లేదా అనే. డబ్బు ఎలా తీసుకోవాలన్నది కూడా నేర్చుకోవాల్సిన పనే అని తట్టలేదు. ఆ ఒక్క లైనుకు సరైన జవాబు దొరికేసరికి ఏప్రిల్ వచ్చింది. మన వైపు నుంచి ఇంట్లో కూర్చుని బయటి దేశాల పని చేసేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లకు నాలాగా మూడు నెలలు పోకూడదని రాస్తున్నాను.

నా పని స్టీల్ డిటైలింగ్. ఇనుప కట్టడాల్లో ఏ దూలం ఏ స్తంభానికి ఎన్ని బోల్టులతో ఎక్కడ కలుస్తుందో ఒక్కొక్క ముక్కకూ విడిగా డ్రాయింగ్ గీసి ఇవ్వాలి. విశాఖలో ఆరేళ్లు ఒక ఆఫీసులో చేశాను. నాన్నకు పక్షవాతం వచ్చాక నేను, మా వారు ఒడిశాలోని పర్లాకిమిడి వచ్చేశాం. ఆయన ఇక్కడ హార్డ్‌వేర్ షాపులో లెక్కలు చూస్తారు. ఈ పనికి కావలసిన కంప్యూటర్ కోసం జనవరి 5న అమ్మ గాజులు రెండు తాకట్టు పెట్టి 90 వేలు తెచ్చాం. అమ్మ తనంతట తనే తీసి ఇచ్చింది. అందుకే మొదటి డబ్బు ఎప్పుడు వస్తుందన్నది నాకు ఉత్త లెక్క కాదు.

ముందు చెక్కు సంగతి. అమెరికాలో చిన్న కంపెనీలు ఇప్పటికీ కాగితం చెక్కు పోస్టులో పంపుతాయని నాకు తెలియదు. మా బ్యాంకు శాఖలో అడిగితే డాలర్ చెక్కులు తీసుకోవడం మానేశామన్నారు. వసూలుకు పంపినా వారాల తరబడి పడుతుందట. సరే, అది కొట్టేశాను. డైరెక్ట్ డిపాజిట్ అంటే ఏసీహెచ్, అమెరికా బ్యాంకుల మధ్యే నడిచేది. అక్కడ ఖాతా ఉండాలి కదా, మనకు ఎక్కడిది అని దాన్నీ కొట్టేశాను. ఈ రెండో కొట్టివేత గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

ఈలోగా విశాఖలో నా పాత మేనేజర్ గారు ఇంకో దారి చెప్పారు. ఆయనకు చిన్న కన్సల్టెన్సీ ఉంది. అమెరికాకు బిల్లు ఆయన పేరు మీద వెళ్తుంది, నాకు ప్రతి నెలా 7వ తారీఖున రూపాయల్లో వేస్తారు. పదిహేను శాతం ఆయనది, మిగిలిన దాంట్లో 10 శాతం టీడీఎస్ కోసి కడతారు, అది రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. మంచి మనిషి, మోసం చేసే రకం కాదు. రెండు రాత్రులు ఆలోచించాను. నెలకు 120 గంటలు చేస్తే 2,160 డాలర్లు, అప్పటి రేటు 83 చొప్పున లక్షా 79 వేలు. అందులో పదిహేను శాతమంటే దాదాపు 27 వేలు. మా వారు ఆ అంకె కింద గీత గీసి, "ఇది నా రెండు నెలల జీతం" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. వద్దనుకున్నాను.

మిగిలినవి వైర్, అంటే ఒక దేశపు బ్యాంకు నుంచి ఇంకో దేశపు బ్యాంకుకు డబ్బు పంపడం, ఇంకోటి వాలెట్. వాలెట్ ఫోన్లోనే తెరవొచ్చు, బ్యాంకుకు వెళ్లక్కర్లేదు. అందుకని జనవరి 16న, సంక్రాంతి మర్నాడు, అదే తెరిచాను. ఏ సంస్థ అన్నది రాయను. పేరు కంటే లెక్క చూసే పద్ధతి ముఖ్యం.

అదే వారం కంపెనీ అకౌంటెంట్ ఒక పన్ను ఫారం పంపారు, డబ్ల్యూ-9. సగం నింపేశాను కూడా. సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగిన చోట ఆగిపోయి, అప్పుడు చదివితే తెలిసింది, అది అమెరికా వాళ్లు నింపేది. మనలాంటి వాళ్లు ఇవ్వాల్సింది డబ్ల్యూ-8బెన్. అందులో మన దేశపు పన్ను నంబరు అడిగిన చోట పాన్ రాశాను. పని మొత్తం ఇండియాలో కూర్చునే చేస్తున్నాం కాబట్టి వాళ్లు అక్కడ పన్ను కోయనవసరం లేదు. అకౌంటెంటమ్మకు కూడా ఆ తేడా కొత్తే, సారీ చెప్పి ఫారం మార్చారు. వాళ్లు పంపిందల్లా సరైనదే అనుకోవద్దు.

జనవరిలో 62 గంటలు అయ్యాయి. ఫిబ్రవరి 2న నా మొదటి ఇన్వాయిస్ పంపాను, 1,116 డాలర్లు. అగ్రిమెంట్ ప్రకారం పదిహేను రోజుల్లోపు ఇవ్వాలి. 16వ తేదీ రాత్రి వాలెట్‌లో డబ్బు పడినట్టు ఫోన్ మోగింది. నాన్న మంచం పక్కన కూర్చుని చూపించాను. ఆయనకు మాట సరిగా రాదు, కానీ అంకె చదివి నా చెయ్యి పట్టుకున్నారు.

మూడు రోజుల తర్వాత ఆ డబ్బు నా బ్యాంకు ఖాతా దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. కారణం నా పేరు.

ఒడిశా సరిహద్దులో ఉన్న తెలుగువాళ్లు ఇది తప్పకుండా చదవాలి. నేను ఇంటర్, డిప్లొమా అటు ఆంధ్రలో చదివాను. అక్కడి సర్టిఫికెట్లలో నా పేరులోని లక్ష్మికి ఇంగ్లీషులో కె, ఎస్, హెచ్ అన్నీ ఉంటాయి. పాన్ ఆ సర్టిఫికెట్ చూసి తీసుకున్నదే, ఇంటిపేరు పూర్తిగా చివర వస్తుంది. పర్లాకిమిడిలో ఆధార్ తీసుకున్నప్పుడు ఒడియా వాళ్లు రాసే అలవాటు ప్రకారం లక్ష్మి మధ్యలో ఎక్స్ వేశారు. బ్యాంకు ఖాతా ఆధార్‌తో తెరిచాను కాబట్టి పాస్‌బుక్‌లోనూ ఎక్స్ ఉంది. ఇంటిపేరు మాత్రం మన పద్ధతిలో ముందు ఒకే ఒక్క అక్షరం. ఇన్నేళ్లలో గ్యాస్ సబ్సిడీకి గానీ, విశాఖ జీతానికి గానీ ఇది ఎప్పుడూ అడ్డు రాలేదు. బయటి దేశం నుంచి వచ్చే డబ్బుకు మాత్రం పాన్ మీద పేరు, ఖాతా మీద పేరు ఒకటే కావాలి.

ఫిబ్రవరి 20న బ్యాంకుకు వెళ్లాను. కౌంటర్‌లో "టికే రుహంతు" (కాస్త ఆగండి) అంటే రెండు గంటలు నిలబడ్డాను. నాకు ఒడియా బాగానే వచ్చు. కానీ ఇద్దరూ నేనే అని ఒడియాలో చెప్పినా, తెలుగులో చెప్పినా కాగితమే అడుగుతారు. రెండు స్పెల్లింగులూ ఒకే మనిషివని అఫిడవిట్ తెమ్మన్నారు. కోర్టు దగ్గర స్టాంపు పేపరు, టైపు, నోటరీ అన్నీ కలిపి 250 రూపాయలు. పాన్, ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్సులు జత చేసి 21న ఇచ్చాను. పేరు మారినట్టు మెసేజ్ 28న వచ్చింది. ఫిబ్రవరి 29న డబ్బు ఖాతాలో పడింది.

ఎంత పడింది? 85,217 రూపాయలు.

ముందు సంతోషమే వేసింది. రాత్రి కూర్చుని లెక్క వేస్తే కడుపులో తిప్పింది. ఆ రోజు మార్కెట్ రేటు 82.90. ఆ లెక్కన 1,116 డాలర్లంటే 92,516 రూపాయలు. తేడా 7,299. వాలెట్ వాళ్ల ఫీజు 49 డాలర్లని ముందే తెలుసు, పేజీలో రాసి ఉంది. నాకు తెలియనిది మార్పిడి రేటు. డాలరుకు 80.10 చొప్పున లెక్క కట్టారు. పైగా డబ్బు వెనక్కి వచ్చినందుకు 250. ఫీజు పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, రేటులో పోయేది కనిపించదు. ఆ తర్వాత ఎవరు ఏ దారి చెప్పినా నేను అడిగే ప్రశ్న ఒకటే అయింది: వెయ్యి డాలర్లు పంపితే నా పాస్‌బుక్‌లో ఎన్ని రూపాయలు పడతాయి?

ఆ రాత్రే కంపెనీకి మెయిల్ రాశాను. రెండు అడిగాను. ఒకటి, ఇకమీదట వైర్ పంపండి. రెండు, పదిహేను రోజులు కాకుండా ఐదు రోజుల్లో ఇవ్వగలరా? రెండోది రాయడానికి గంట పట్టింది. కొత్త పని, అప్పుడే డబ్బు గురించి మాట్లాడితే ఏమనుకుంటారో అని రాసి చెరిపి, రాసి చెరిపి పంపాను. నాలుగు గంటల్లో జవాబు వచ్చింది. సరే, రెండూ సరే అని. అంత భయపడ్డందుకు నా మీద నాకే జాలి వేసింది. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందే ఇది అడగాల్సింది. వైర్ ఛార్జీ ఎవరు భరిస్తారన్నది కూడా అప్పుడే రాయించుకోవాల్సింది. నా అగ్రిమెంట్‌లో దాని ఊసే లేదు.

వైర్‌కు స్విఫ్ట్ కోడ్ కావాలి, అంటే దేశాల మధ్య డబ్బు పంపేటప్పుడు బ్యాంకును గుర్తుపట్టే కోడ్. మా శాఖకు స్విఫ్ట్ కోడ్ లేదు. చిన్న ఊళ్ల శాఖలకు మామూలుగా ఉండదు, విదేశీ డబ్బు చూసే పెద్ద శాఖ కోడ్ ఇవ్వాలి. అది తెలుసుకుని సంపాదించేసరికి మూడు రోజులు. మార్చి 1న రెండో ఇన్వాయిస్ పంపాను, 118 గంటలు, 2,124 డాలర్లు. 5వ తేదీన పంపేశాం అన్నారు.

తర్వాత పదిహేను రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. 8న శివరాత్రి సెలవు, 9 రెండో శనివారం, 10 ఆదివారం. 11న బ్యాంకులో అడిగితే ఏమీ రాలేదన్నారు. 12న కూడా అంతే. కంపెనీని అడిగితే వాళ్ల ఖాతా నుంచి 5వ తేదీనే పోయింది అన్నారు. లక్షా డెబ్బై వేల రూపాయలు, ఇటూ లేదు, అటూ లేదు. రాత్రి ఎనిమిదికి వాళ్లతో మీటింగులో కూర్చుని దూలాల గురించి మాట్లాడుతున్నాను, మనసంతా ఆ డబ్బు మీదే. అమ్మ ఏమీ అడగలేదు. గాజులు లేని చేతులతో నాన్నకు అన్నం తినిపిస్తుంటే చూడలేకపోయాను.

14న బస్సెక్కి బరంపురం వెళ్లాను. ఒక రోజు పని పోయింది, రానుపోను తిండితో కలిపి ఆరు వందలు. అక్కడి పెద్ద శాఖలో ఒక ఆఫీసరమ్మ ఓపికగా విని, "ఎంటీ 103 ఉందా?" అని అడిగారు. అదేమిటో నాకు తెలియదు. వైర్ పంపిన బ్యాంకు దగ్గర ఉండే పూర్తి రసీదు అది. అందులో యూఈటీఆర్ అని పొడుగాటి నంబరు ఉంటుంది, గీతలతో కలిపి 36 అక్షరాలు. దానితో డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో పట్టుకోవచ్చు. ఆ రాత్రే కంపెనీకి రాశాను, మర్నాడు పీడీఎఫ్ వచ్చింది. ముందే అడిగి ఉంటే బరంపురం వెళ్లే పనే ఉండేది కాదు.

18వ తేదీ, సోమవారం తేలింది. డబ్బు ఎప్పుడో వచ్చేసింది. విదేశీ మారకం చూసే విభాగంలో ఆగి ఉంది. ఇది దేనికి వచ్చిన డబ్బో చెప్పమని వాళ్లు నాకు మెయిల్ పంపారట. నేను ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన పాత మెయిల్‌కు. కాలేజీ రోజుల మెయిల్ అది, తెరిచి ఏళ్లయింది. బ్యాంకులో పేరు మార్పించినప్పుడు మెయిల్ కూడా మార్పించాలని తట్టలేదు.

ఇన్వాయిస్, అగ్రిమెంట్, పర్పస్ కోడ్ పంపమన్నారు. విదేశాల నుంచి వచ్చే ప్రతి పైసాకీ అది దేనికి అన్న కోడ్ ఉండాలని రిజర్వు బ్యాంకు నియమం. అందరూ వేసేది పీ0802 అని ఎక్కడో చదివి అదే రాశాను. అది సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ కోడ్, మీ ఇన్వాయిస్‌లో స్టీల్ డ్రాయింగ్స్ అని ఉంది కదా అని తిప్పి పంపారు. ఇంజనీరింగ్ సేవల కోడ్ వేసి మళ్లీ పంపాను. ఎవరో చెప్పిన కోడ్ కాకుండా మీ పనికి సరిపోయే కోడ్ ఏదో బ్యాంకు వాళ్ల జాబితా చూసి వేయండి.

మార్చి 20న పడింది. 1,72,723 రూపాయలు. దారిలో మధ్య బ్యాంకు ఏదో 20 డాలర్లు కోసుకుంది. మా బ్యాంకు డాలరుకు 82.35 ఇచ్చింది, మార్కెట్ ఆ రోజు 83.10. కమీషను, దాని మీద జీఎస్టీ, మార్పిడి మీద జీఎస్టీ అన్నీ కలిపి 541. మొత్తం పోయింది 3,781. వాలెట్ కంటే చాలా నయం, కానీ ఆ పదిహేను రోజులు మళ్లీ పడలేను. పైగా అకౌంటెంటమ్మ ఇంకో మాట రాశారు. ఈసారి వాళ్ల వైపు వైర్ ఛార్జీ 35 డాలర్లు మేమే పెట్టుకున్నాం, వచ్చే నెల నుంచి మీ బిల్లులో తగ్గిస్తాం అని. తప్పు అనలేను. అగ్రిమెంట్‌లో లేదు కదా.

ఆ ఆదివారం గాజువాకలో ఉండే పాత సహోద్యోగి ఒకరికి ఫోన్ చేశాను. అన్నా, నువ్వు ఎలా తీసుకుంటున్నావు అని. అంతా విని, "నువ్వు మొదటి రోజే కొట్టేసిన దారే అమ్మా అది" అన్నాడు. ఇండియాలో ఉండేవాళ్లకు అమెరికాలో డబ్బు అందుకునే ఖాతా నంబరు ఇచ్చే సంస్థలు ఉన్నాయి. అక్కడి బ్యాంకును గుర్తుపట్టే తొమ్మిది అంకెల రౌటింగ్ నంబరు, మన పేరు మీద ఖాతా నంబరు ఇస్తారు. కంపెనీకి అది మామూలు డైరెక్ట్ డిపాజిట్ లాగే ఉంటుంది, వైర్ ఛార్జీ లేదు. వాళ్లు రూపాయలుగా మార్చి మన బ్యాంకులో వేస్తారు. ఇన్ని నెలలుగా ఆ తలుపు నా ఎదురుగానే ఉంది.

మార్చి 24న మొదలుపెట్టాను. పాన్, ఆధార్, అగ్రిమెంట్ ఎక్కించాలి, వీడియోలో మొహం, పాన్ కార్డు చూపించాలి. వీడియో మధ్యలో కరెంటు పోయింది, మళ్లీ మొదటి నుంచి. పాన్, ఖాతా పేర్లు అప్పటికి కలిశాయి కాబట్టి 27న ఖాతా వివరాలు వచ్చేశాయి.

ఇక్కడ ఒక చిన్న అడ్డంకి, నాకు నచ్చిన అడ్డంకి. కొత్త ఖాతా వివరాలు మెయిల్‌లో పంపితే అకౌంటెంటమ్మ ఒప్పుకోలేదు. ఖాతా మార్చమని దొంగ మెయిళ్లు వస్తుంటాయి, మీ మొహం చూసి అంకెలు మీ నోటితో వింటాను అన్నారు. ఆ రాత్రి వీడియోలో ఒక్కొక్క అంకె చదివాను. ఆమె తిరిగి చదివారు. ముందు ఒక్క డాలరు పంపి, అది చేరిందని నేను చెప్పాకే వివరాలు మార్చారు. అంత జాగ్రత్తగా ఉండే మనిషి చేతిలో నా డబ్బు ఉందని ధైర్యం వచ్చింది.

మార్చి గంటలు 131. ఏప్రిల్ 1 ఇక్కడ ఉత్కళ దివస్ (ఒడిశా అవతరణ దినం), బ్యాంకులకు లెక్కలు ముగించే రోజు కూడా. 2న ఇన్వాయిస్ పంపాను, 2,358 డాలర్లు. 4న గురువారం వాళ్లు పంపారు. 9వ తేదీ ఉగాది. పొద్దున్న పచ్చడి కలుపుతుంటే మెసేజ్ వచ్చింది, 1,93,987 రూపాయలు. మార్కెట్ లెక్కన 1,96,303 రావాలి. పోయింది 2,316, అంతే. ఐదు రోజులు. ఎఫ్‌ఐఆర్‌ఏ, అంటే విదేశీ డబ్బు వచ్చినట్టు రుజువు కాగితం, అదే వచ్చి మెయిల్‌లో పడింది. వైర్ డబ్బుకు ఆ కాగితం కోసం బ్యాంకుకు రెండుసార్లు వెళ్లాను.

వంద రూపాయల పనికి చేతికి వచ్చింది వాలెట్‌లో 92, వైర్‌లో దాదాపు 98, ఈ దారిలో దాదాపు 99. నా పని మారలేదు, గంటకు ఇచ్చే డాలర్లు మారలేదు.

శ్రీకాకుళంలో ఆడిటర్ గారి దగ్గరికి ఏప్రిల్ 18న వెళ్లాను, 1,500 తీసుకున్నారు. ఎఫ్‌ఐఆర్‌ఏలు, ఇన్వాయిస్‌లు నెలవారీగా ఒకే ఫైలులో పెట్టుకోమన్నారు. సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నారు. ఇంజనీరింగ్ వృత్తి కాబట్టి అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ కింద వచ్చిన దాంట్లో సగం ఆదాయంగా చూపే వీలుందని, అలా చూపేవాళ్లు అడ్వాన్స్ టాక్స్ మొత్తం మార్చి 15 లోపు ఒకేసారి కట్టాలని చెప్పారు. వాలెట్‌లో మొదట వచ్చిన డబ్బుకు రుజువు కాగితం ఇంకా నా దగ్గర లేదని చెబితే, అది తెచ్చి తీరాలన్నారు. ఇప్పుడు ఆ పని మీదే ఉన్నాను. రెండు మెయిళ్లు పంపాను.

ఏప్రిల్ 12న గాజులు విడిపించాం. వడ్డీతో దాదాపు 92,900 అయింది. అమ్మ వేసుకోలేదు, బీరువాలో పెట్టింది. మళ్లీ అవసరం వస్తే అంది. రాదమ్మా అన్నాను.

బ్యాంకులో పేరు మారింది కానీ ఆధార్‌లో ఎక్స్ అలాగే ఉంది. మార్చడానికి ఫీజు అప్పుడు, 2024లో, 50 రూపాయలే, సెంటర్‌లో రద్దీ. మే 6కు రమ్మని టోకెన్ ఇచ్చారు.